బండి రాకముందే మొదలయ్యే పని

హైదరాబాద్‌లో ఒక ఫాస్ట్‌ఫుడ్ సంస్థకు పది బ్రాంచీలుంటే, వాటి చెత్త ఎత్తించే సూపర్‌వైజర్ పని బండ్లు పంపడమే అనుకుంటాం. కానీ అతని నేర్పంతా బండి రాకముందే ఉంది. మాల్‌లో సర్వీస్ లిఫ్ట్ దొరికే వేళ వేరు, రోడ్డు పక్క బ్రాంచికి సందు ఖాళీగా ఉండే వేళ వేరు. ఇక చెత్తను వేరుచేయడానికి ఒక్క కూల్‌డ్రింక్ కప్పునే చూడండి. మిగిలిన ఐసు సింకులో పోయాలి, మూత ఒకవైపు, కప్పు మరోవైపు వెయ్యాలి. అలాగే పారేస్తే ఆ నీళ్లకే అట్టపెట్టెలు నానిపోతాయి, వాటిని పాతసామాను కొట్టులో ఎవరూ కొనరు. నూనె సంగతి ఇంకా సున్నితం. పదేపదే కాగినకొద్దీ పెరిగే పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటిన నూనె వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన, 2018 నుంచి అమల్లో ఉంది. అలాంటి నూనెను చల్లార్చి, డబ్బాల్లో పోసి, తూచి, రిజిస్టరులో రాసి బయోడీజిల్‌కు పంపితేనే ఏ తోపుడుబండి మూకుట్లోకో మళ్లీ చేరకుండా ఉంటుంది.

మున్సిపాలిటీ ఆటో ఎలాగూ వస్తుంది కదా, ఇంత తంటా దేనికని అడగొచ్చు. చెత్త నిర్వహణపై వచ్చిన 2016 నిబంధనలు రోజుకు సగటున 100 కిలోలు దాటిన చోటునే భారీగా చెత్త పుట్టించే చోటుగా లెక్కగట్టాయి. ఒక్కో బ్రాంచి ఆ గీత దాటకపోవచ్చు, పదీ కలిస్తే చిన్న లెక్క కాదు. ఆ మొత్తం బరువు కనిపించేది అతనొక్కడికే. ఖర్చవుతుందన్న మాటా నిజమే. అయితే ఏ బ్రాంచిలో బన్నులు ఎక్కువ పారేస్తున్నారో యజమానికి ముందుగా చెప్పేది కూడా అతని తూకం పుస్తకమే.