గీతలు మాన్పు మేస్త్రీలు

మా చిత్తూరు సీమలో కళ యనగానే పెద్దలు శ్రీకాళహస్తి కలంకారీని పేర్కొందురు, అది న్యాయమే. కాని చిత్తూరునుండి తిరుపతికిని, పీలేరు మీదుగా కడపకును పోవు బాటలు విడివడు పూతలపట్టు పరిసరములలో, రేకుల షెడ్డు క్రింద పంట్లాము మడిచికొని కారు బానెట్టుపై వంగి, అందులో తన ముఖము స్పష్టముగా కనబడువరకు విడువక పాటుపడు మేస్త్రీ విద్యను కళయని యెవ్వరును వ్రాసినట్లు నేనెరుగను. మేస్త్రీలు దానిని రబ్బింగు పాలిష్ అని తేలికగా అనివేయుదురు. ఆ తేలికమాట వెనుక దాగిన నేర్పును, అంతకుమించిన సంయమమును చూచి మురిసినవాడనై యిది వ్రాయుచున్నాను; నా పక్షపాతమును చదువరులు మొదటనే గ్రహింతురు గాక.

మిట్టమధ్యాహ్నపు టెండలో నల్లకారు నొకదానిని నిలిపి చూడుడు. సూర్యబింబపు ప్రతిఫలనము చుట్టును సన్నని గీతలు వలయములు వలయములుగా మెరయును. షెడ్డులలో వీనిని స్వర్ల్ మార్కులందురు. వింత యేమనగా, ఆ గీతలలో పెక్కింటికి వలయాకారమే లేదు. అవి నానాదిక్కులకు పోయినవి. వానిలో వెలుగునకు అడ్డముగా పడినవి మాత్రమే కాంతిని మన కంటివైపు మరల్చును గనుక, దీప మెచ్చట నున్న అచ్చట వలయ మేర్పడినట్లు తోచును. మనము రెండడుగులు జరిగిన అదియు మనతో జరుగును. తెల్లకారుపై నివి కనబడక దాగును; కావుననే తిరుపతి టాక్సీల యజమానులు నిశ్చింతగా నిద్రింతురు.

గీతలు పడినప్పుడెల్ల యజమానులు వీథిపిల్లలను శపింతురు. దోషము చాలవరకు వారి ప్రేమదే. ప్రతి యుదయమును డ్రైవరు పొడిగుడ్డతో కారును ఆప్యాయముగా తుడుచును. ఆ గుడ్డ క్రింద మా జిల్లా గ్రానైటు లారీలు చల్లిపోయిన ధూళి యుండును. ఆ ధూళిలోని క్వార్ట్జు రేణువు ఇనుమును సైతము గీయగలది, దానికి కారు పైపూత యొక లెక్కా? సమీపముననే కాణిపాకము గలదు. వరసిద్ధి వినాయకుని సన్నిధిని పసుపు కుంకుమలతో బొట్లు పెట్టించుకొన్న క్రొత్తకారు, ఇల్లు చేరకమునుపే తువ్వాలు రాపిడికి గురియై తొలిగీతలను సంపాదించుకొనును. పూజను తప్పుపట్టునంతటివాడను కాను. ఆ తువ్వాలును మాత్రము క్షమింపజాలను. ఇక బోరునీటితో కడిగి యెండలో ఆరవిడిచినచో సున్నపు మరకలు పడును. అది వేరు కథ.

ఈ విద్య పుట్టుపూర్వోత్తరములను ముక్తసరిగా చెప్పెదను. 1923 ప్రాంతమున అమెరికాలో జనరల్ మోటార్సువారు డ్యూపాంటు సంస్థ చేసిన డ్యూకో యను రంగును తమ ఓక్లండు కార్లకు వేసిరి. వారములకొలది ఆరవలసిన పాత వార్నీషు స్థానమున గంటలలో ఆరిపోవు రంగు వచ్చెను. అది తనంతట తాను మెరయదు, రుద్ది మెరయింపవలెను; రుద్దుటకు వాడు కాంపౌండు అను మందు కార్ల షెడ్డులలో పాతుకొన్నది అప్పటినుండియే యందురు. అంతకు రెండేండ్ల ముందే, 1921లో, త్రీఎమ్ సంస్థవారు తడిపి రుద్దదగిన వాటర్ పేపరును విపణికి తెచ్చిరి. దానిని కనిపెట్టిన ఫ్రాన్సిస్ ఓకీ, గడ్డము గీచుకొనుటకు బ్లేడును మాని గరుకు కాగితమునే వాడుడని లోకమునకు బోధింపజూచెనట! లోకము వినలేదు. రుద్ది మెరుగుపెట్టుట మనకు మాత్రము క్రొత్తయా? హనుమకొండ వేయిస్తంభముల గుడిలోని నల్లరాతి కంబములను చూచినవా డట్లనడు.

అసలు సంగతికి వత్తము. నేటి కార్లలో రంగుపైన క్లియర్ కోటు అను వర్ణరహితమైన పొర యుండును. దాని మందము సాధారణముగా 35 మొదలు 50 మైక్రాన్లు; తలవెండ్రుక యొక్కటి సుమారు 70 మైక్రాన్లుండును. అనగా మేస్త్రీ తన విద్యను ప్రదర్శింపవలసిన రంగస్థలము వెండ్రుక మందములో సగము, మించిన ముప్పాతికకు లోపు. ఎండలోని అతినీలలోహిత కిరణములనుండి రంగును కాచు ద్రవ్యములును ఆ పొరలోనే యున్నవి. గీతను తీయుట యన్న మాట వాడుకయేకాని, గీతను ఎవ్వరును తీయలేరు. దాని యడుగు మట్టమువరకు చుట్టునున్న పొరను దించవలసినదే. దించినది మరల రాదు.

ఈ సత్యమును గ్రంథములలో చదువక చేతితో తెలిసికొన్న యొక వృద్ధ మేస్త్రీని ఈ ప్రాంతపు షెడ్డులో నేనెరుగుదును. ఆయన కారు వచ్చిన వెంటనే పాలిషు మిషను పట్టడు. పైనుండి క్రిందికి నీళ్లు పారించి, షాంపూ నురుగుతో మురికిని జార్చి, కంటికి కనబడక అంటుకొన్న తారు తుంపరలను, బ్రేకుల ఇనుపపొడిని క్లే ముద్దతో జారుడునీటిపై నెట్టి తొలగించును. తరువాత ట్యూబులైటును పట్టుకొని తలుపు తలుపునకు తిరుగును. కనబడిన గీతకు అడ్డముగా గోరు జార్చును. గోరు తట్టుకొనక జారిపోయినచో పాలిషుకు లొంగునది, తట్టుకొన్నచో లొంగనిది. రబ్బరు అంచులకును, పదునైన మడతలకును టేపు వేయును. ఏలయన అంచులయందే పూత పలుచన, అచ్చటనే మిషను కొరుకును. అటుపిమ్మట అరచేతి వెడల్పు చోటున, అన్నింటికంటె మెత్తని ప్యాడుతో, అన్నింటికంటె సన్నని మందుతో ప్రయోగము చేయును. అది చాలినచో అదియే. చాలనప్పుడే గట్టి కాంపౌండు, ఉన్ని ప్యాడు.

ఆ ప్రయోగము కుదిరిన పిమ్మట చూడవలెను ఆయన వైభవము! రెండడుగుల చదరమును కంటితోనే కొలిచి, అడ్డముగా ఒకమారు, నిలువుగా ఒకమారు, ఒక దారి సగము రెండవ దారిపై పడునట్లు మిషనును నడపును. గంధము తీయు పూజారి చేతివలె ఆ చేతి బరువు ఎక్కడను హెచ్చదు, తగ్గదు. మందు తెల్లనై, పలుచనై, నూనెపొరవలె తేటపడు క్షణమును ఆయన చూచుటకంటె వినుటయే హెచ్చు; మిషను స్వరము మారినదనును, నాకేమియు వినబడలేదు. నడుమ నడుమ వెనుచేతితో రేకును తాకి వేడి చూచును. ఉన్ని ప్యాడు మిగిల్చిపోయిన నీడగీతలను, హోలోగ్రాములని కుర్రవారనువానిని, మెత్తని ఫోము ప్యాడుతో సాంతముగా చెరపివేయును. ఒకమారు తలుపుపై తాళపుచెవితో గీచిన లోతైన గీతతో నల్లకారు వచ్చినది. యజమాని పూర్తిగా మాయము చేయుమనెను. మేస్త్రీ 2000 నంబరు, పిదప 3000 నంబరు వాటర్ పేపరును సబ్బునీటిలో తడిపి, గీత యంచుల పదును మాత్రము చంపి, వెలుగు పట్టని స్థితికి తెచ్చి ఆపివేసెను. యజమాని ముఖము చిన్నబోగా ఆయన అన్న మాట యిది: "ఎంత తీసినామని కాదు సామీ, ఎంత మిగిల్చినామని చూడల్ల."

ఇట్టివారి ప్రక్కనే నేడు పుట్టగొడుగులవంటి దుకాణములు లేచినవి. వానిని తలచుకొన్న నా రక్తము మరగును. గంటలో మెరుపు, సగము ధర, పైగా టెఫ్లాను కోటింగు ఉచితమని బోర్డు! అచ్చట జరుగునది నూనెలను, పూరకములను గీతలలో నింపి కన్నులు కప్పుట. సాయంకాలము కారు అద్దమై యింటికి పోవును. నాలుగుమార్లు కడుగగనే గీతలన్నియు యథాస్థానమున దర్శనమిచ్చును. గీతలను తీయకయే వానిపై వేలరూపాయల సిరామిక్ కోటింగు వేసి, రోగమును గాజుపెట్టెలో భద్రపరచువారు మరికొందరు. డీజిలుతో తుడిచి నిగనిగలాడించువారిని, టూత్‌పేస్టు రుద్ది వైద్యమనువారిని గూర్చి వ్రాయుటకు నాకు మర్యాదయైన భాష లేదు. మోసమును పట్టుట కష్టము కాదు: ఐసోప్రొపైలు ఆల్కహాలును నీటితో కలిపి, పని ముగిసిన చోట తుడిపించి, టార్చి వేసి చూడుడు. నూనె పోయి నిజము మిగులును. ఈ పరీక్షకు ఒప్పుకొనని దుకాణమునుండి తాళములు వెనుకకు తీసికొనుడు.

మిషనుల విషయమున నేను పాతపక్షము వాడను. తిరుగుచునే ఊగులాడు క్రొత్త మిషనులు రేకును అంతగా వేడెక్కింపవు, నీడగీతలు విడువవు, నేర్చుకొను కుర్రవానికి క్షేమకరములు, ఒప్పుకొందును. అయినను ఒకే యిరుసుపై తిరుగు పాత మిషనుకు ఉన్ని ప్యాడు కట్టి, వృద్ధ మేస్త్రీ పదినిమిషములలో సాధించు సమతలము ఆ క్రొత్త మిషనులకు అరగంటకును దక్కుట నేను చూడలేదు. ఆయన వద్ద నేర్చుకొన వచ్చిన కుర్రవారు ఆరునెలలు నిలువరు. కోటింగు దుకాణములలో జీతము హెచ్చు, వంగి చేయు పని తక్కువ. ఐ.టి.ఐ.లలో వాహనములకు రంగువేయుట నేర్పువారు, పూత మందమును కొలుచు గేజిని విద్యార్థి చేతికిచ్చి, ఎచ్చట ఆపవలెనో కూడ నేర్పినచో ఎంత బాగుండును!

యజమానులకు నా మనవి: పూజానంతరము పొడి తువ్వాలును డ్రైవరు చేతినుండి లాగికొని రెండు బకెట్ల నీరు పోయించుడు, ఒకటి నురుగుకు, ఒకటి గుడ్డ జాడించుటకు. అప్పటికిని గీతలు పడెనేని కారును తెల్లవారగనే మేస్త్రీకి అప్పగింపుడు. ప్రొద్దెక్కి రేకు కాలిన పిమ్మట కాంపౌండు ప్యాడుపైననే యెండిపోవును. కూలివద్ద బేరమాడకుడు, సాయంకాలమునకే కావలెనని తొందరపెట్టకుడు.