ముందు చక్రం దగ్గర మోగే చప్పుడు

నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో పాత కారు నడిపేవాళ్లకు ఒక చప్పుడు బాగా తెలుసు. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు చక్రం దగ్గర టక్కుమంటుంది. మొదట్లో ఎప్పుడో ఒకసారి, కొన్నాళ్లకు ప్రతి గుంతకీ. ఆత్మకూరు, మర్రిపాడు, ఉదయగిరి, సీతారామపురం చుట్టుపక్కల పల్లెదారుల్లో తారు అంచులు విరిగి కంకర తేలిన చోట తిరిగే బండికి ఆ చప్పుడు ఇంకాస్త ముందుగానే వస్తుంది.

ఆత్మకూరు నుంచి నెల్లూరుకు యాభై కిలోమీటర్ల పైచిలుకు. దుర్గం కింద ఉన్న ఉదయగిరి నుంచైతే వందకు అటూ ఇటూ. చిన్న చప్పుడు కోసం అంత దూరం పోయి, బండి అక్కడ వదిలి, బస్సెక్కి తిరిగి రావడం అందరికీ కుదిరే పని కాదు. అందుకే వేపచెట్టు నీడలో జాకీ ఎత్తి, తెలిసిన మేస్త్రీని పిలిపించుకునో, తామే పూనుకునో బాగుచేసుకోవడం ఒక చేతివిద్యగా నిలబడింది. విడిభాగాలు డబ్బు పెడితే దొరుకుతాయి. అరిగింది ఏదో కనిపెట్టడం, కొత్తదాన్ని దాని పద్ధతిలో బిగించడం మాత్రం డబ్బుతో వచ్చేవి కావు. ఈ విద్య విలువ అక్కడే ఉందని నా నమ్మకం.

1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన మారుతీ 800నే తీసుకుందాం. దాని ముందు భాగం చాలా సరళం. ఫోర్డ్ కంపెనీ ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫెర్సన్ పేరుతో ప్రపంచమంతా వాడుకలో ఉన్న పద్ధతి అది. స్ప్రింగు, షాకబ్జర్ ఒకే స్తంభంలా పైనుంచి దిగుతాయి; దాన్నే స్ట్రట్ అంటారు. కింద లోయర్ ఆర్మ్ చక్రాన్ని పట్టి ఉంచుతుంది. దాని చివర బాల్ జాయింట్, మొదలు దగ్గర రబ్బరు బుష్షు. స్టీరింగు తిప్పుడును చక్రానికి అందించేది టై రాడ్ ఎండ్. అడ్డంగా వంగి వచ్చే స్టెబిలైజర్ రాడ్ రెండు ఆర్మ్‌లనూ కలుపుతుంది.

"అన్నా, ముందర టకటకమంటా ఉంది, బాల్ జాయింట్ మార్చేద్దామా?" అని అడిగితే అనుభవమున్న మేస్త్రీ వెంటనే సరే అనడు. ముందు బండిని ఎత్తి చక్రాన్ని ఊపి చూస్తాడు. చక్రాన్ని పక్కల పట్టుకుని ఊపితే ఆడుతోందంటే అనుమానం టై రాడ్ ఎండ్ మీదికి, స్టీరింగు ర్యాక్ మీదికి పోతుంది. పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతోందంటే తగాదా చక్రం బేరింగుకూ బాల్ జాయింటుకూ మధ్య. దాన్ని తేల్చే ఉపాయం చక్కగా ఉంటుంది. ఇంకొకరిని లోపల కూర్చోబెట్టి బ్రేకు గట్టిగా తొక్కమంటారు. ఆట ఆగిపోతే బేరింగు లూజు. ఆగకపోతే బాల్ జాయింట్. అనుమానం ఇంకా మిగిలితే గడ్డపార మొన ఆర్మ్ సందులో పెట్టి మెల్లగా ఎత్తి చూస్తారు. జాయింట్ దగ్గర వేలు ఆనించి ఉంచితే కంటికి కనపడని కదలిక కూడా చర్మానికి తెలిసిపోతుంది. మూలను గట్టిగా నొక్కి వదిలినప్పుడు బండి ఒక్కసారి లేచి కుదురుకోవాలి. మళ్లీ మళ్లీ ఊగితే షాకబ్జర్ పని అయిపోయినట్టే. దాని ఒంటి మీద నూనె తడి ఉందేమో కూడా చూడాలి.

అంబాసిడర్ కాలంలో ఈ పని వేరుగా ఉండేది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వారసత్వంగా వచ్చిన ఆ కారుకు ముందు భాగంలో కాయిల్ స్ప్రింగు ఉండదు. పొడవాటి ఉక్కు కడ్డీ మెలితిరిగి బరువు మోస్తుంది. కీళ్లకు గ్రీజు నిపుళ్లుండేవి. క్రమం తప్పకుండా గ్రీజు గన్ పట్టేవాడి బండి ఏళ్ల తరబడి మెత్తగా నడిచేది. మారుతీ బాల్ జాయింటుకు ఆ అవకాశం లేదు. లోపలి గ్రీజును ఒక రబ్బరు తొడుగు కాపాడుతుంది. అది చిరిగి ఎర్రమట్టి, నీళ్లు లోపలికి చేరితే జాయింటుకు ఆయుష్షు తీరినట్టే. కాబట్టి వర్షాకాలం దాటాక ఆ తొడుగులను తుడిచి చూడటమే ఇప్పటి గ్రీజు పని.

విప్పే రోజుకు ముందు రాత్రే తుప్పు పట్టిన నట్లకు డీజిలో, పెనెట్రేటింగ్ ఆయిలో పట్టించి ఉంచాలి. జాకీ కింద నేల మెత్తగా ఉంటే మందపాటి చెక్క వేయాలి. వెనక చక్రాలకు అడ్డు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకూడదు. స్టాండు తప్పనిసరి. ఇటుకలు పేర్చి బండిని నిలబెట్టే అలవాటు ఎంత పాతదైనా సరే, మానేయాలి. ఇటుక పగిలే ముందు చెప్పి పగలదు. ముందు భాగాన్ని రెండు పక్కలా ఎత్తడం ఇంకో జాగ్రత్త. ఒక్క పక్కే ఎత్తితే స్టెబిలైజర్ రాడ్ మెలి తిరిగి బోల్టులను బిగబట్టి ఉంచుతుంది.

టై రాడ్ ఎండ్ ఊడదీయడంలో చేతి పనితనం కనిపిస్తుంది. దాని మేకు మర వైపుకు సన్నబడుతూ స్టీరింగు ఆర్మ్ కంట్లో బిగుసుకుని ఉంటుంది. నట్టు తీసినా ఊడదు. మర మీద కొడితే మర చెడుతుంది. రెండు సుత్తులు తీసుకుంటారు. ఒకదాన్ని ఆ కంటికి ఒక పక్క ఆనించి పట్టుకుని, రెండో పక్క నుంచి ఇంకోదానితో ఒక్క దెబ్బ గట్టిగా వేస్తారు. ఆ అదురుకు కన్ను రవ్వంత సాగి మేకును వదిలేస్తుంది. తర్వాత పాతదాన్ని తిప్పి తీసేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకుని, కొత్తదాన్నీ అన్నే చుట్లు ఎక్కిస్తారు. నట్టు కదలకుండా పట్టే స్ప్లిట్ పిన్ను మాత్రం ఎప్పుడూ కొత్తదే వేయాలి.

ఇక బుష్షు. తొందరపడేవాళ్లు ఎక్కువగా పాడుచేసేది ఇక్కడే. ఆర్మ్ బుష్షు బేరింగులా తిరగదు. రబ్బరు తానే మెలితిరిగి కదలికను ఇస్తుంది. చక్రం గాలిలో వేలాడుతున్నప్పుడే బోల్టు పూర్తిగా బిగిస్తే, ఆ కిందికి దిగిన స్థితే రబ్బరుకు విశ్రాంతి స్థితి అయిపోతుంది. బండి దింపాక ఆర్మ్ పైకి లేస్తుంది. ఇక రబ్బరు రాత్రీ పగలూ మెలితిరిగే ఉంటుంది. మన ఎండలకు అది ఎక్కువ కాలం ఓర్చుకోదు. కొత్త బుష్షు కొద్ది నెలలకే చిరిగిందంటే నిందంతా కంపెనీ సరుకు మీద వేయలేం. అందుకని బోల్టును చేతికి బిగువుగా మాత్రమే పెట్టి, చక్రం తొడిగి, ముందు చక్రాల్ని మందపాటి చెక్కల మీదికి దింపి, బండిని రెండుమూడుసార్లు నొక్కి వదిలి, బరువు చక్రాల మీద ఉండగానే పానాతో తుది బిగింపు ఇవ్వాలి. బుష్షు జారడానికి సబ్బునీళ్లు వాడాలి. ఇంజన్ ఆయిల్, గ్రీజు రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి.

ఒక పని మాత్రం ఇంటి ముందు వద్దనే చెబుతాను. స్ట్రట్ తలమీది నడిమి నట్టును, స్ప్రింగును కంప్రెసర్‌తో కట్టకుండా ఎన్నడూ విప్పకూడదు. నొక్కుకుని ఉన్న ఆ స్ప్రింగు విడిపోతే చెయ్యి పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. స్ట్రట్‌ను మొత్తంగా ఊడదీసి, సరైన పరికరం ఉన్న వర్క్‌షాపుకు తీసుకెళ్లి మార్పించుకుంటే తగ్గిపోయేదేమీ లేదు. కింద రెండు బోల్టులు విప్పే ముందు సుద్దతో గీత పెట్టుకుంటే తిరిగి అదే చోట కూర్చుంటుంది.

సొంత కారుకు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లు, ఆపైన అయిదేసి ఏళ్లకోసారి పొడిగింపు. ఆ పొడిగింపు కోసం జరిగే తనిఖీ రోజున స్టీరింగు, సస్పెన్షన్ గట్టిగా ఉండటం బండికే కాదు, ఎదురుగా వచ్చేవాళ్లకూ మేలు. పని అయ్యాక ముందు చక్రాల మధ్య దూరాన్ని ముందు పక్కా వెనక పక్కా టేపుతో కొలిచి చూసుకుంటే, అలైన్‌మెంట్ మెషీన్ దాకా టైర్లు అరగకుండా నెమ్మదిగా వెళ్లొచ్చు. మెషీన్ అలైన్‌మెంట్ మాత్రం తప్పదు. వంద కిలోమీటర్లు తిరిగాక ప్రతి నట్టునూ మళ్లీ ఒకసారి పానాతో తడిమి చూడాలి, చక్రం నట్లతో సహా.