హంసపాదు తలకిందులైతే

నేను డెస్క్‌లో చేరిన కొత్తలో పేజీలు కట్టేది బ్లేడుతోనూ జిగురుతోనూ. బ్రోమైడ్ కాగితం మీద వచ్చిన వార్తను కోసి, వెనక జిగురు రాసి, కాలమ్ గీత తప్పకుండా అతికించాలి. ఎక్కడైనా ఒత్తు పోయిందంటే పేస్టింగ్ పెద్దాయన పాత బ్రోమైడ్లలో అదే ఒత్తు వెతికేవారు. గోటి కొసంత ముక్క కోసి, బ్లేడు మొనతో ఎత్తి, అక్షరం కింద పెట్టేవారు. పెట్టేదాకా ఆయన ఊపిరి బిగబట్టేవారు. పక్కన నిలబడ్డ మేమూ అంతే.

అందుకే కంట్రోల్ సి, కంట్రోల్ వి పుట్టుక తెలిసినప్పుడు నా మనసు నిండింది. అవీ ఎడిటర్ల బల్ల మీద నుంచి వచ్చినవే.

అమెరికాలో జిన్ అండ్ కంపెనీ అని పాఠ్యపుస్తకాల ప్రచురణ సంస్థ ఉండేది. యజమాని జిరాక్స్. 1970ల మధ్యలో ఆ సంస్థ ఎడిటర్ల కోసం జిరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో లారీ టెస్లర్, టిమ్ మాట్ కలిసి జిప్సీ అనే ప్రోగ్రామ్ తయారుచేశారు. మాట్ ముందు వెళ్లి వాళ్లు పనిచేసే తీరు చూశాడు. కోస్తున్నారు, అతికిస్తున్నారు. తెర మీదా ఆ పనే, ఆ పేరుతోనే పెట్టారు.

అంతకుముందు పార్క్‌లో వాడిన బ్రావో అనే ప్రోగ్రామ్‌లో ఒకే మీట ఒకసారి అక్షరం, ఇంకోసారి ఆజ్ఞ. ఆ సంగతి మరిచి 'ఎడిట్' అన్న ఇంగ్లిష్ మాట కొడితే, ఇ అంటే మొత్తం ఎంచుకో, డి అంటే తీసెయ్, ఐ అంటే చేర్చు. రాసిందంతా పోయి టి ఒక్కటే మిగిలేది! రాసేవాళ్లకు ఈ గతి పట్టకూడదని టెస్లర్ పట్టుబట్టారు. కారు నంబరు ప్లేటు మీద కూడా 'నో మోడ్స్' అని పెట్టించుకున్నారు.

1980లో ఆయన ఆపిల్‌కు మారారు. 1983 నాటి లీసా కంప్యూటర్లో జడ్, ఎక్స్, సి, వి అడుగు వరసలో పక్కపక్కన కుదిరాయి. సి కాపీకి. ఎక్స్ కొట్టివేత గుర్తు. వి సంగతే నాకు మరీ ఇష్టం. ప్రూఫులో మాట తప్పిపోయిన చోట పెట్టే హంసపాదును తలకిందులు చేస్తే అదే. విండోస్ ఈ అక్షరాలనే కంట్రోల్ మీటతో తీసుకుంది.

టెస్లర్ 2020 ఫిబ్రవరిలో, 74 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మీ ఇంట్లో పేస్టింగ్ చేసిన పాత పేజీ ఏదైనా ఉంటే పారేయకండి. పిల్లల చేతికిచ్చి, అతికించిన అంచును వేలితో తడిమి చూడమనండి.