ఉలవల్లో రాళ్లు

గుగ్గిళ్లకు ఉలవలు నానబెట్టాలంటే ముందు వాటిని ఏరాలి. బియ్యానికి ఈ బాధ దాదాపు తప్పింది, మిల్లులో యంత్రాలే రాళ్లు తీసేస్తున్నాయి. ఉలవలు మాత్రం ఇంకా మొండివే. గింజదీ మట్టి రంగే, బెడ్డదీ మట్టి రంగే. కాస్త చూపు తప్పితే మర్నాడు పంటి కింద తెలుస్తుంది.

మొన్న ఆదివారం రాత్రి చేట ముందేసుకుని కూర్చున్నాను. పిడికెడు పోసి, పలచగా పరిచి, వేలితో ఇటు నుంచి అటు జరపడం. రెండు వరసలు అయ్యాయో లేదో, మనసు ఆఫీసుకెళ్లిపోయింది. సోమవారం మీటింగులో నేనేమనాలి, వాళ్లేమంటారు... వేలు కదులుతూనే ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి, చూసింది మాత్రం ఏమీ లేదు. అదే పిడికెడు మళ్లీ పరిచి చూస్తే రెండు బెడ్డలు!

మా అమ్మయితే "ధ్యాస ఎక్కడ పెట్టావే?" అనేది. ఇప్పుడు అందరూ మైండ్‌ఫుల్‌నెస్ అంటున్నదానికి అంతకంటే మంచి మాట నాకు దొరకలేదు. మైండ్‌ఫుల్‌నెస్ మూలం పాళీలో 'సతి', సంస్కృతంలో 'స్మృతి'. అంటే గుర్తుంచుకోవడం. 1979లో జాన్ కబాట్ జిన్ అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో దీన్ని శిక్షణగా మలిచి, ఏళ్ల తరబడి నొప్పులతో బాధపడేవాళ్లకు నేర్పడం మొదలుపెట్టారు. ఆ 8 వారాల శిక్షణలో తొలి పాఠం, ఒక్క కిస్మిస్‌ను చూసి, తడిమి, వాసన చూసి, నిదానంగా నమలడం. వాళ్లకు కిస్మిస్, నాకు ఉలవ.

మనసు ఎటో పోతే మనవాళ్లు 'పరధ్యానం' అన్నారు. అంటే అప్పుడూ చేస్తున్నది ధ్యానమే, కాకపోతే ఎదురుగా ఉన్నదాని మీద కాదు. పోయిందని తెలియగానే వెనక్కి పిలుచుకుంటే సరి. అలా పిలవాల్సి రావడమే ఓటమి అనుకుని, చాలాకాలం నేను ధ్యానానికి కూర్చున్న ఐదు నిమిషాలకే విసుక్కుని లేచిపోయేదాన్ని. రాయి కనపడిందని ఉలవల మీద కోప్పడతామా? తీసి పక్కన పెడతాం. ఏరడమంటేనే అది.

అన్ని రాళ్లూ చేటలో తేలవు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విరక్తి పుట్టినా ఏరుతూ కూర్చోకూడదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.

మిగతా రోజులకు చేట చాలు. ఆ రాత్రి అరకిలోకి పదకొండు బెడ్డలు తేలాయి. మనసు ఎన్నిసార్లు ఆఫీసుకు వెళ్లొచ్చిందో లెక్కపెట్టలేదు. పొద్దున గుగ్గిళ్లు తింటుంటే పన్నెండోది తగిలింది.