యంత్రం ధీమా

పాండా బొమ్మ చూపితే మీరు పాండా అనే అంటారు. 2014లో గుడ్‌ఫెలో, ష్లెన్స్, సెగెడీ రాసిన పరిశోధనా పత్రంలో కంప్యూటరూ అదే అంది, ధీమా 57.7 శాతం. మన కంటికి ఆననంతగా బొమ్మలోని చుక్కలను లెక్క ప్రకారం మార్చగానే గిబ్బన్ అంది, 99.3 శాతం ధీమాతో!

ఇంతవరకు భేష్. చికిత్స దగ్గరే నా పేచీ. చేతిరాత అంకెలు చదివే యంత్రానికి ఇలాంటి మాయబొమ్మలతోనే తర్ఫీదిచ్చి, వాటిపై దాని తప్పులను 89.4 నుంచి 17.9 శాతానికి దించారు. కాని మిగిలిన తప్పులను అది సగటున 81.4 శాతం ధీమాతో చెప్పింది.

అంకె విషయంలో సరే, ముఖం విషయంలో? 2021లో హైదరాబాదు పోలీసులు మాస్కు తీయమంటే ససేమిరా అన్న ఎస్.క్యూ. మసూద్, ముఖాల గుర్తింపు యంత్రాలపై తెలంగాణ హైకోర్టుకెక్కారు. అలాంటి యంత్రం ధీమాగా చెప్పే పేరును ఎంతవరకు నమ్మాలో ఈ పత్రం చెప్పదు.