ఫార్మాట్ మాట ఎత్తేముందు

'కంప్యూటర్ పోయింది' అంటాం గానీ, చాలాసార్లు పోయేది విండోస్ ఒక్కటే. ఈ తేడా తేల్చుకోకుండా షాపులో 'ఫార్మాట్ కొట్టేయండి' అనేస్తాం. పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు, ఏళ్ల లెక్కలు దాంతోనే తుడిచిపెట్టుకుపోతాయి. తేడా తేల్చే దారి కంప్యూటర్‌లోనే ఉంది, బూట్ మెనూ రూపంలో. దాన్ని వాడటం మెకానిక్ విద్య అనుకుంటారు. నా లెక్కలో అది గ్యాస్ బండకు రెగ్యులేటర్ బిగించడం లాంటి ఇంటిపని.

పవర్ బటన్ నొక్కగానే లేచేది విండోస్ కాదు. మదర్‌బోర్డు చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్ ముందు లేచి, మెమరీ, కీబోర్డు సరిచూసుకుని, ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కడుందో వెతుకుతుంది. 1981 నాటి ఐబీఎం పీసీలో దాని పేరు బయోస్. డిస్కు మొదట్లోని 512 బైట్లు చదివి పగ్గాలు వాటికి అప్పగించేది. ఇప్పటి యూఈఎఫ్ఐ డిస్కులో ఓ ప్రత్యేక భాగంలోని ఫైళ్ల కోసం చూస్తుంది. పేరు మారినా పని అదే. 'ఈసారి దేన్నుంచి లేవాలి?' అని ఆ ఫర్మ్‌వేర్ మనల్ని అడిగే చోటే బూట్ మెనూ. డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్. కంపెనీ లోగో పడేలోపే టకటకా నొక్కుతూ ఉండాలి. తెరమీద నాలుగైదు వరసలు వస్తాయి: 'విండోస్ బూట్ మేనేజర్', దాని కింద పెన్‌డ్రైవ్ కంపెనీ పేరు. బాణం కీతో కిందికి దిగి ఎంటర్ కొడితే సరి. పెన్‌డ్రైవ్‌లో ముందే ఉబుంటు అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి ఉంటే, 'ట్రై' ఎంచుకోగానే డిస్కును ముట్టుకోకుండా అది మెమరీలోనే నడుస్తుంది. మన ఫోల్డర్లు అందులో కనిపించాయా, డిస్కు బతికే ఉంది; కాపీ చేసుకున్నాకే ఫార్మాట్ మాట. డిస్కు టిక్‌టిక్‌మని చప్పుడు చేస్తుంటే మాత్రం ఈ ప్రయోగాలు ఆపి తెలిసినవాళ్లకు ఇవ్వాలి.

తెలియనివాళ్లు వేలు పెడితే ఉన్నదీ పోతుందంటారు. ఆ భయం ఫర్మ్‌వేర్ సెట్టింగులు మార్చే బయోస్ సెటప్‌ విషయంలో సబబే. అక్కడ మార్చింది నిలిచిపోతుంది. బూట్ మెనూలో ఎంపిక ఆ ఒక్కసారికే, రీస్టార్ట్ చేస్తే మళ్లీ పాత వరసే. అసలు ప్రమాదం తర్వాత ఉబుంటు తెరమీద కనిపించే 'ఇన్‌స్టాల్' బటన్‌తో. దాని జోలికి పోకుంటే చాలు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి: ఇంత తేలికైతే దొంగ కూడా పెన్‌డ్రైవ్‌తో మన ఫైళ్లు చదివేస్తాడు కదా? చదివేస్తాడు. విండోస్ పాస్‌వర్డ్ వీధి తలుపుకు గడియే, బీరువాకు తాళం కాదు. ఆ తాళం విండోస్‌లో ఉండే బిట్‌లాకర్ అనే ఎన్‌క్రిప్షన్. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి యజమానికి తెలియకుండానే ఆ తాళం పడి ఉంటుంది. అప్పుడు 48 అంకెల రికవరీ కీ లేనిదే ఉబుంటులోనూ ఫైళ్లు తెరుచుకోవు, దొంగకైనా మనకైనా. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. కంప్యూటర్ బాగున్న ఈ రోజే దాన్ని కాగితం మీద రాసుకోండి. ఆ కాగితాన్ని ల్యాప్‌టాప్ సంచిలో మాత్రం పెట్టకండి.