నాజిలు నాడి

ఏలూరు నుండి తాడేపల్లిగూడెము పోవు బాటలో, నల్లని పొగ క్రక్కుచు, లోపలెవరో సుత్తితో మోదుచున్నట్లు టకటకలాడుచు వచ్చిన పాత డీజిల్ అంబాసిడరు ముందు నిలిచి, పానా ముట్టకమునుపే చెవి యొగ్గి వినునట్టి మేస్త్రీని చూచినప్పుడెల్ల నాకు నాడి పట్టిన వైద్యుడు జ్ఞప్తికి వచ్చును. ఇంజను నడచుచుండగనే ఆతడు నాలుగు ఇంజెక్టరు గొట్టముల నట్లను ఒక్కొక్కటిగా రవంత సడలించి, మరల బిగించును. దేనిని సడలించినను శబ్దము మారదో ఆ సిలిండరు మూగవోయినదనియు, దేనిని సడలింపగా టకటక యణగునో దోషము దానియందే కలదనియు గ్రహించును.

ఊడదీసిన ఇంజెక్టరును చేతిపంపునకు తగిలించి మీట నొక్కినప్పుడు, దాని కొననున్న నాజిలు మంచిదైనచో గరగరమని మ్రోగుచు పొగమంచువలె చిమ్మును. చెడినది ధారగట్టి కారును. ఆ తుంపర చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు గనుక, "చెయ్యి అడ్డు పెట్టకురా" అని మేస్త్రీ తన కుర్రవానిని ప్రతిమారును హెచ్చరించుట నాకెంతయు ప్రియమైన సంగతి.

నాజిలులోని సూదికిని దాని గూటికిని నడుమ సందు మిల్లీమీటరులో వెయ్యింట రెండు మూడు వంతులే. కొల్లేటి చేపలచెరువుల గట్లపై డబ్బాలలో నిలువయున్న డీజిలున నీరు చేరినచో, తుప్పు పుట్టి సూదిని పట్టివేయును. మేస్త్రీ ఆ సూదిని శుభ్రమైన డీజిలులో ముంచి, మూడవవంతు పైకెత్తి వదలును. అది తన బరువుననే మెల్లగా జారి కూర్చుండవలెను. జారనిచో, యజమాని యెంత బతిమాలినను, దానిని మరల బిగింపడు.